చేతులు బరువెక్కినప్పుడు: ఉద్దానంలో ఒక డయాలసిస్ కుటుంబంతో పద్దెనిమిది నెలలు

ఈ కేసు రాయడానికి ఆ రోగి భార్య, మా సంఘ సోదరి, అనుమతి ఇచ్చింది. రాసినదంతా ఆమెకు చదివి వినిపించాను. రెండు చోట్ల ఆమె సరిదిద్దింది. పేర్లు, ఊరు రాయడం లేదు. నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక బాప్టిస్టు సంఘానికి కాపరిని. మంచాన పడినవారిని, వారి ఇంటివారిని ఆదరించడం ఇరవై ఏళ్లుగా నా పరిచర్యలో పెద్ద భాగం. దీర్ఘరోగం ఉన్న ఇంట్లోకి బైబిలు పట్టుకుని వెళ్లే తోటి కాపరుల కోసం, సంఘ పెద్దల కోసం ఇది రాస్తున్నాను.

కుటుంబం, నేపథ్యం

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు కలిసిన ప్రాంతాన్ని మేము ఉద్దానం అంటాం. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా ఉండే నేల. ఆ పచ్చదనం కింద కొన్ని దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు మనుషులను తినేస్తోంది. నీరా, ఎండలో పనా, పురుగుమందులా, వంశపారంపర్యమా అని ఎన్నో పరిశోధనలు జరిగాయి. ఇదీ కారణం అని ఒక్కటీ ఇంకా తేలలేదు. కారణం తేలని జబ్బు చుట్టూ పుకార్లు పుడతాయి. విశ్వాసుల మధ్య ఆ పుకార్లకు ఇంకో రూపం ఉంటుంది: ఎవరి పాపం?

భర్తకు అప్పటికి 46 ఏళ్లు, భార్యకు 41. ఎకరంపావు కొబ్బరి, జీడితోట. కొడుకు హైదరాబాదులో భవన నిర్మాణ పనుల్లో ఉన్నాడు. కూతురు ఇంటర్ చదువుతోంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తీరాన్ని తాకినప్పుడు వాళ్ల తోటలో సగానికి పైగా చెట్లు నేలకూలాయి. తాత నాటిన కొబ్బరిచెట్లు అవి. కొబ్బరి మొక్క నాటితే తొలి గెల చూడటానికి ఐదారేళ్లు పడుతుంది. ఆయన 2019లో మళ్లీ మొక్కలు నాటాడు. మరుసటి ఏడాది కాళ్ల వాపు మొదలైంది. 2022 జనవరికి, యంత్రంతో రక్తం శుభ్రం చేసే డయాలసిస్ తప్పలేదు.

వారానికి మూడుసార్లు, సోమ, బుధ, శుక్రవారాలు. ఒక్కోసారి నాలుగు గంటలు. రానుపోను ప్రయాణం, వంతు కోసం ఎదురుచూపు కలిపితే రోజంతా పోతుంది. ప్రభుత్వం డయాలసిస్ రోగులకు ఇచ్చే నెలకు 10,000 రూపాయల పింఛను ఆ ఇంటికి ఆధారమైంది. నీళ్లు కొలిచి తాగాలి. ఉప్పు తగ్గించాలి. పొటాషియం ఎక్కువ కాబట్టి కొబ్బరినీళ్లు ముట్టకూడదు. చిన్నప్పటి నుంచి కొబ్బరిచెట్ల కింద పెరిగిన మనిషి, దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా, తన చెట్టు బోండాన్ని తాను తాగకూడదు. ఒకసారి నాకు బోండాం కొట్టి ఇచ్చి, నేను తాగడం అయ్యేదాకా చూస్తూ కూర్చున్నాడు. నేను ఆ రోజు ఏ వాక్యమూ చెప్పలేకపోయాను.

సమస్య ఎలా బయటపడింది

2022 జూన్‌లో పక్క ఊళ్లో మూడు రాత్రుల స్వస్థత కూటాలు జరిగాయి. రెండో రాత్రి బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు ఆయన తలపై చేతులుంచి ప్రార్థించి, స్వస్థత జరిగిపోయిందని వేదిక మీద ప్రకటించాడు. కిందికి దిగాక ఇంకో మాట కూడా అన్నాడట: ఇక ఆ యంత్రం దగ్గరికి వెళ్తే అది అవిశ్వాసం అవుతుందని. ఆయన శుక్రవారం వెళ్లలేదు. సోమవారం వెళ్లలేదు. సోమవారం రాత్రి పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చున్నాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. రాత్రి ఒంటిగంటకు ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆలస్యమై ఉంటే గుండె ఆగిపోయేదని డాక్టరు ఆమెతో అన్నాడు.

మంగళవారం పొద్దున నేను వెళ్లాను. మంచం పక్కన నిలబడి, నాకు అలవాటైన స్వరంతో రోమా 8:28 చెప్పాను: మేలు కలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి అని. ఆమె గోడవైపు తిరిగింది. నేను ప్రార్థన చేసి వచ్చేశాను. ఆ ప్రార్థనకు ఆమె ఆమెన్ అనలేదు. ఆ సంగతి నాకు ఇంటికి వచ్చాక తట్టింది.

ఇది నా తప్పు. దీన్ని దాచి ఈ కేసు రాయలేను. నేను చెప్పిన వాక్యం సత్యమే. కానీ రాత్రంతా భర్త ఛాతీ ఎగసిపడటం చూసిన మనిషికి, ఆ రాత్రి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, దానికి అర్థం చెప్పేశాను. బైబిలులో అన్నీ పోగొట్టుకుని రోగంతో కూర్చున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులు రాత్రింబగళ్లు నేలమీద అతనితో కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లు చేసిన మేలంతా ఆ ఏడు రోజుల్లోనే ఉంది. నేను ఏడు నిమిషాలు కూడా కూర్చోలేదు.

ఏమి విన్నాను

రెండు రోజుల తర్వాత వాళ్ల ఇంటికి వెళ్లాను. బైబిలు సంచిలోనే ఉంచాను. వసారాలో ఆమె జీడిపిక్కలు ఏరుతోంది. నేనూ కూర్చుని ఏరాను. చాలాసేపటికి ఆమె మాట్లాడింది.

“అయ్యగారూ, ఒకటి అడుగుతాను, కోప్పడకండి. స్వస్థత అయిందని చెప్పారు. కాలేదు. అయితే దేవుడు మాట తప్పాడా, మేము నమ్మలేదా? ఈ రెండిట్లో ఏదో ఒకటి కావాలి కదా.”

ఆ ఇంటి భారమంతా ఈ ప్రశ్నలో ఉంది. ఆమె దేవుణ్ణి నిందించడానికి భయపడింది, అందుకే నిందను తనమీద వేసుకుంది. కూటాల్లో మూడో రాత్రి తనకు కునుకు పట్టిందని, అందుకే ప్రార్థన ఫలించలేదేమోనని అనుకుంటోంది. మగని జబ్బుకు తన నిద్ర కారణమని నమ్ముతున్న స్త్రీ ఆమె. సంఘంలో ఒకరిద్దరు పరామర్శకు వచ్చి “విశ్వాసంలో బలపడండి” అని చెప్పి వెళ్లారు. వాళ్లు ప్రేమతోనే చెప్పారు. ఆమె చెవికి అది తీర్పులా వినిపించింది. అప్పటి నుంచి ఆదివారం ఆరాధనకు ఆలస్యంగా వచ్చి, ముగింపు ప్రార్థనకు ముందే వెళ్లిపోతోంది.

కూతురిది వేరే ప్రశ్న. ఆ అమ్మాయి నన్ను గుమ్మం దగ్గర ఆపి సూటిగా అడిగింది: “దేవుడు నమ్మదగినవాడైతే నాన్న యంత్రాన్ని ఎందుకు నమ్ముకోవాలి?”

ఆయన మాత్రం ఏమీ అడగలేదు. ఎడమ చేతి మణికట్టు పైన, డయాలసిస్ కోసం రెండు రక్తనాళాలను కలిపి చేసిన ఫిస్టులా ఉన్న చోట నా వేళ్లు పెట్టించాడు. రక్తనాళం లోపల తేనెటీగ చిక్కుకున్నట్టు జుమ్మని కొట్టుకుంటోంది. “రాత్రి మెలకువ వస్తే దీన్ని తాకి చూసుకుంటాను. కొట్టుకుంటుంటే ప్రాణం ఉన్నట్టు. దేవుడు ఉన్నాడో లేడో తాకి చూసుకోవడానికి ఏమీ లేదు కదా అయ్యగారూ,” అన్నాడు.

నేను ఎలా అర్థం చేసుకున్నాను

ఇలాంటి ఇంట్లో విశ్వాసం పోయిందని మనం తొందరపడి అంటాం. నాకు అలా అనిపించలేదు. వాళ్లకు విశ్వాసం ఉంది, అయితే అది ఒక ఫలితానికి కట్టేసి ఉంది. దేవుడు నమ్మదగినవాడు అంటే ఆయన జబ్బు తీసేస్తాడు అని వాళ్లకు నేర్పారు. నేర్పినవాళ్లలో నేనూ ఉన్నాను. సాక్ష్యాల కూటంలో స్వస్థత పొందినవారిని ముందుకు పిలిచి, పొందనివారిని ఎన్నడూ పిలవకపోవడమూ ఒక బోధే.

బైబిలు అలా మాట్లాడదు. పౌలు తన తోటి పనివాడైన త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచి వచ్చానని రాశాడు. తిమోతి తరచు వచ్చే బలహీనతకు ప్రార్థనతో సరిపెట్టమనలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తన శరీరంలో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు “నా కృప నీకు చాలును” అని. “లోకములో మీకు శ్రమ కలుగును” అన్నది స్వయంగా ప్రభువు. శ్రమ రాదన్న మాట ఆయన ఎక్కడా ఇవ్వలేదు కాబట్టి, శ్రమ వచ్చినప్పుడు ఆయన మాట తప్పినట్టు కాదు. ఆయన ఇచ్చిన మాట వేరు: నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను.

అయితే ఈ వాదన అంతా మొదటి రోజే ఆమె ముందు పెడితే అది ఇంకో రోమా 8:28 అయ్యేది. అందుకని వరుస మార్చుకున్నాను. ముందు విలాపం, తర్వాత తోడు, వాక్య బోధ అవసరమైనప్పుడు మాత్రమే.

ఏమి చేశాం

మొదట ఒక విషయం తేల్చుకోవాల్సి వచ్చింది. డయాలసిస్ ఇక ఏ కారణంతోనూ మానకూడదు. ఇది ఆదరణ కన్నా ముందుండే పని. ఒక రాత్రి ఆమె కూతుర్ని కూడా పిలిచి యెషయా 38 చదివాను. యూదా రాజు హిజ్కియాకు మరణకరమైన రోగం. కన్నీళ్లతో ప్రార్థించాడు. ఇంకా పదిహేను సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని దేవుడే మాట ఇచ్చాడు. ఇంత స్పష్టమైన వాగ్దానం తర్వాత కూడా ప్రవక్త యెషయా ఏమన్నాడు? అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండుకు కట్టమన్నాడు. వాగ్దానం ఇచ్చిన దేవుడే ముద్ద కట్టించాడు. ఆ అమ్మాయి ఆ వచనాన్ని రెండుసార్లు చదువుకుంది. “అంటే సోమవారం వెళ్లడం కూడా నమ్మడమే,” అంది. నేను ఇంకేమీ కలపలేదు.

తర్వాత విలాపం. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఇలాంటివే. మన ఆరాధనల్లో వాటిని చదవం, చదివినా చివరి స్తుతి వచనానికి గబగబా వెళ్లిపోతాం. నేను ఆమెతో 13వ కీర్తన మొదటి రెండు వచనాలు మాత్రమే చదివి ఆపేశాను: “యెహోవా, ఎంతకాలము నన్ను మరచిపోవుదువు?” ఆమె ఉలిక్కిపడింది. “ఇలా అనొచ్చా?” అని అడిగింది. దావీదు అన్నాడు, దేవుడు దాన్ని చెరిపేయకుండా తన గ్రంథంలో ఉంచాడు అన్నాను. వచ్చే వారానికి తన మాటల్లో ఒక ‘ఎంతకాలము’ రాసుకు రమ్మన్నాను. ఆమెకు రాయడం అంతగా రాదు. కూతురు నోటుపుస్తకం వెనుక పేజీలో తల్లి చెబుతుంటే రాసింది. ఆ పేజీలో ఉన్న ఒక వాక్యం ఆమె అనుమతితో ఇక్కడ రాస్తున్నాను: “ప్రభువా, ఆయన నీళ్లు కొలిచి తాగుతున్నాడు, నేను ఏడుపు కొలిచి ఏడుస్తున్నాను, ఎంతకాలము?”

నేను ఈ పనిలో ఇన్నేళ్లుగా విన్న ప్రార్థనల్లో ఇంతకన్నా నమ్మకం నిండినది తక్కువ. వినేవాడు లేడనుకుంటే ఎవరూ ఇలా అడగరు. 88వ కీర్తన చివరి వచనం వరకూ వెలుగు లేకుండా చీకటిలోనే ముగుస్తుంది. అయినా మొదటి మాట ‘యెహోవా, నాకు రక్షణకర్తవగు దేవా’. ఆమెకు ఆ కీర్తన మొత్తం చదివాను. ముగించాక స్తుతి పాట పాడలేదు. అలాగే కూర్చున్నాం.

మూడో విషయం తోడు. ఇక్కడ సంఘమంతా మారాల్సి వచ్చింది. పెద్దల సమావేశంలో నేను నిర్గమకాండం 17 తెరిచాను. అమాలేకీయులతో యుద్ధంలో మోషే చేతులు ఎత్తి ఉంచినంతసేపు ఇశ్రాయేలు గెలిచింది, కానీ ఆ చేతులు బరువెక్కాయి. అహరోను, హూరు చెరో పక్కన నిలబడి ఆ చేతులను ఆదుకున్నారు. సూర్యుడు అస్తమించేవరకు అవి నిలుకడగా ఉన్నాయని మన తెలుగు బైబిలులో ఉంది. ఆ ‘నిలుకడ’కు హెబ్రీ మూలంలో ఉన్న మాట ఎమూనా. యెరూషలేము కూలి, క్రీ.పూ. 586 తర్వాత బూడిదలో కూర్చుని పాడిన విలాపవాక్యాల్లో, మూడో అధ్యాయం 23వ వచనంలో, “నీవు ఎంతైన నమ్మదగినవాడవు” అని మనం చదివే చోట ఉన్నదీ అదే మాట. మనం ఆమెన్ అంటాం కదా, అదీ ఆ ధాతువు నుంచి వచ్చినదే. దేవుని నమ్మకత్వం అంటే కదలని నిలుకడ. ఆ నిలుకడ మోషేకు తన చేతుల్లో దొరకలేదు, పక్కవాళ్ల చేతుల ద్వారా వచ్చింది. పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చినప్పుడు కూడా యేసు చూసింది ‘వారి విశ్వాసము’ అని మార్కు రాశాడు.

పెద్దల్లో ఒకాయన, రెండు ఎకరాల రైతు, లేచి “అయితే సోమవారం నా బండి,” అన్నాడు. బుధవారం ఇంకొకరు తీసుకున్నారు. శుక్రవారం మొదట ఎవరూ లేరు, నేను వెళ్లాను. స్త్రీల సమాజం వాళ్లు ఉప్పు తగ్గించి వండటం నేర్చుకుని, ఆసుపత్రి రోజుల్లో ఇంటికి కూర పంపారు. వాళ్లకు నేను ఒకే నియమం పెట్టాను. ఆ ఇంట్లో ‘బలపడండి’ అనే మాట వద్దు. అడిగితే తప్ప సలహా వద్దు. “ఈ రోజు ఎలా గడిచింది?” అని అడిగి వినాలి.

నియమం పాటించడం అంత తేలిక కాలేదు. ఒకామె ఆపుకోలేక ఇంకో ప్రసంగీకుడి ఫోను నంబరు ఇచ్చి వెళ్లింది. ఈసారి ఆ సోదరి నన్ను అడిగింది, వెళ్లనా అని. ప్రార్థన కోసం వెళ్లడం తప్పు కాదు, డయాలసిస్ మానమంటే మాత్రం లేచి వచ్చేయండి అన్నాను. స్వస్థత కోసం ప్రార్థించడం మేమూ మానలేదు. ప్రతి ఆదివారం ఆయన పేరు ఎత్తి అడిగాం. దేవుడు స్వస్థపరచగలడని నేను మనసారా నమ్ముతాను. ఆయన చేయగలడన్న నమ్మకాన్ని, చేసి తీరాలన్న హక్కుగా మార్చడాన్నే నేను ఒప్పుకోను.

కేసు నడిచిన తీరు

మెరుగుదల మెట్లెక్కినట్టు రాలేదు. ఆగస్టులో ఆమె ముగింపు ప్రార్థన వరకు ఆరాధనలో ఉంది. సెప్టెంబరులో ఫిస్టులా మూసుకుపోయి మెడలో గొట్టం వేయాల్సి వచ్చినప్పుడు మళ్లీ నెలరోజులు రాలేదు. కొడుకు హైదరాబాదు నుంచి వచ్చి, తన మూత్రపిండం ఇస్తానన్నాడు. పరీక్షల్లో సరిపోలేదు. ఆ రోజు ఆయన మొదటిసారి నా ముందు ఏడ్చాడు, బాధతో కొంత, కొడుక్కి కోత తప్పిందన్న నిమ్మళంతో కొంత.

ఆ చలికాలంలో ఒక ఆదివారం ఆయనకు ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం ఇంటికి తీసుకెళ్లాను. చిన్న గిన్నెలోని ద్రాక్షారసం తాగే ముందు ఆయన గోడమీది పలక దగ్గరికి నడిచాడు. రోజూ తాగిన నీళ్లు సుద్దముక్కతో అక్కడ రాసుకుంటాడు. ఒక గీత గీసి, వచ్చి, రెండు చేతులతో గిన్నె అందుకున్నాడు. రక్షణ పాత్ర కూడా ఆ రోజు కొలతలో చేరింది. ఆ గీత చూసినప్పటి నుంచి బల్ల ఇచ్చేటప్పుడు నా చేయి తొందరపడదు.

2023 వేసవిలో ఆయన ఒక కోరిక కోరాడు. హబక్కూకు మూడో అధ్యాయం తన తోటలో చదవాలి. మేం పదిమందిమి వెళ్లాం. తిత్లీకి విరిగిన మొద్దులు కొన్ని ఇంకా అలాగే ఉన్నాయి. “అంజూరపు చెట్లు పూయకుండినను, ద్రాక్షచెట్లు ఫలింపకపోయినను” అని నేను చదువుతుంటే ఆయన ఆపి, “కొబ్బరిచెట్లు కూలినను అని చదవండి,” అన్నాడు. అలాగే చదివాను. జీడితోట కాపు లేకపోయినను. మూత్రపిండాలు పనిచేయకపోయినను. చివర ‘నేను యెహోవాయందు ఆనందించెదను’ అన్న మాట ఆయన తానే చెప్పాడు, కళ్లు తుడుచుకుంటూ. ఆమె చెప్పలేదు. నేనూ చెప్పమనలేదు.

పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఆ నెలలోనే, ఒక బుధవారం డయాలసిస్ ముగిసి ఇంటికి వస్తుండగా, సంఘ పెద్ద నడుపుతున్న బండిలో, భార్య భుజం మీద తల పెట్టుకుని ఆయన ప్రభువునందు నిద్రించాడు.

తర్వాత

భూస్థాపన తర్వాత మొదటి సోమవారం ఉదయం ఆరింటికి ఆ పెద్ద అలవాటు చొప్పున బండి తీసుకుని ఆ ఇంటి ముందుకు వచ్చేశాడు. వచ్చాక గుర్తొచ్చింది. వెనక్కి తిప్పుకోలేక బండి దిగి అరుగుమీద కూర్చున్నాడు. ఆమె టీ పెట్టి ఇచ్చింది. తర్వాత కొన్ని నెలల పాటు ఆ మూడు రోజులూ ఎవరో ఒకరు ఆ అరుగుమీద కాసేపు కూర్చుని వెళ్లారు. ఇది మేము వేసిన ప్రణాళిక కాదు.

మొదట ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు దొరికిందా అని తోటి కాపరి ఒకరు నన్ను అడిగారు. ఆమెనే అడిగాను. దేవుడు మాట తప్పాడనీ, తాను నమ్మలేదనీ ఇప్పుడు అనుకోవడం లేదని చెప్పింది. తనకు కునుకు పట్టిన రాత్రి గురించి ఇక బాధ లేదు. “మనము నమ్మదగనివారమైనను, ఆయన నమ్మదగినవాడుగా ఉండును” అన్న రెండవ తిమోతి వచనం కూతురు గోడమీద రాసి పెట్టింది, పలక ఉన్న చోటే. ఆయనను ఎందుకు తీసుకున్నాడన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఈ చివరి వాక్యం ఆమె నాతో సరిదిద్దించిన రెండు చోట్లలో ఒకటి. ‘ఆ ప్రశ్న తగ్గింది’ అని నేను రాస్తే, తగ్గలేదు అని చెప్పింది.

ఆమె ఇప్పటికీ సంఘంలో బిగ్గరగా ప్రార్థించదు.

2019లో ఆయన నాటిన కొబ్బరి మొక్కల్లో ఒకటి తొలి గెల వేసింది. 2025 కోతల పండుగకు ఆమె ఆ గెలను తెచ్చి బల్ల ముందు పెట్టింది. కృతజ్ఞత ప్రార్థన చేస్తారా అమ్మా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది.

“మీరు చేయండి అయ్యగారూ. నేను ఆమెన్ అంటాను.”

ప్రార్థన చేశాను. ముగించి ఆగాను. వెనుక వరుసలోంచి ఆమె గొంతు వినిపించింది.